పదకొండో బటన్

ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా సూపరింటెండెంట్ సార్ నా బల్ల దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడ్డారు. ఆయన చెప్పులు కిర్రుమంటాయి కాబట్టి వచ్చింది ఆయనేనని తెలుసు. ఎందుకు నిలబడ్డారో మాత్రం తెలియలేదు. చివరికి ఆయనే అడిగారు.

"ఏందమ్మా, బందున్న కంప్యూటర్ మీద ఏం టైపు కొడుతున్నవ్?"

నేను మానిటర్ ఆపేసి పని చేస్తాను. తెర వెలిగినా ఆరినా నాకు ఒకటే. తెర మీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాని గొంతు నా చెవిలో ఉంటే చాలు. ఆ సంగతి చెప్పి, ఆయన కోసం మానిటర్ వేశాను. ఇంకా పనేమీ ఇవ్వలేదు, చేయి ఆడడానికి ఊరికే కొడుతున్న లేఖ అప్పటికి ఒకటిన్నర పేజీ అయింది. ఆయన వంగి మొత్తం చదివారు.

"తప్పుల్లేవు గదమ్మా" అన్నారు. మెచ్చుకున్నట్టు లేదు. తప్పులు ఉంటే ఆయనకు అర్థమయ్యేదేమో అనిపించింది.

మాది చండ్రుగొండ దగ్గర అడవి లోపలికి ఉన్న చిన్న పల్లె. ఐదేళ్లప్పుడు తట్టు పోసింది. దవాఖానాకు తీసుకుపోయేసరికి రెండు కళ్లూ పోయాయి. అమ్మానాన్నలు కూలికి వెళ్లేవాళ్లు, ఎండాకాలం తునికాకు కోసేవాళ్లు. ఎవరో చెబితే విని నాన్న నన్ను పట్నంలోని చూపులేని పిల్లల బడిలో చేర్చాడు. కంప్యూటర్ మీద మొదటిసారి చేయి పెట్టింది అక్కడే. మా సార్ నా వేళ్లను ఎఫ్ అక్షరం మీద, జె అక్షరం మీద పెట్టి, ఆ రెండింటి మీదా చిన్న గీతలు ఉబ్బి ఉంటాయని చూపించారు. మిగతా అక్షరాలన్నీ ఆ రెండు గీతల నుంచి కొలుచుకోవాలి.

కొన్ని నెలలకు కంప్యూటర్‌లో దినపత్రిక చదవడం వచ్చింది. ఆ రోజు ఏదో గొప్ప వ్యాసం చదివానని చెప్పుకోవచ్చు గానీ, నేను చదివింది బోరు మోటార్ల ప్రకటన. మూడుసార్లు చదివాను. నా ముందు కూర్చుని ఎవరూ చదివిపెట్టేంత విషయం కాదది. అందుకే చదివాను.

డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకున్నాను. అడవి అంచున ఉన్న ఒక మండల కేంద్రంలో వేశారు. ఊరి పేరు రాయను. అక్కడ అందరూ ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు. బస్టాండ్ వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. పొద్దున ములకలపల్లి బస్సు హారన్ వినపడితే ఆఫీసుకు బయలుదేరేదాన్ని.

మొదట్లో నాకు కుర్చీ ఇచ్చారు, పని ఇవ్వలేదు. సంతకం పెట్టి కూర్చుంటే చాలన్నట్టు చూశారు. ఆ కుర్చీలో కూర్చుని ఇరవై రోజులు ఫ్యాను చప్పుడు విన్నాను. తర్వాత నేనే అడిగి దరఖాస్తుల పని తీసుకున్నాను. వచ్చినవాళ్ల మాట విని, వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించి, పై అధికారికి పంపాలి. అప్పటి సాఫ్ట్‌వేర్ పాతది, చూడ్డానికి బాగుండేది కాదట. కానీ ప్రతి గడికీ ఒక పేరు ఉండేది, నా చెవికి ఆ పేరు వినపడేది. మౌస్ ముట్టుకోకుండా మీటలతోనే పని మొత్తం అయిపోయేది. దాదాపు ఐదేళ్లు ఆ పని చేశాను. జనం నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. "చూపులేని మేడం ఏడ కూసుంటది?" అని వరండాలో అడుగుతుంటే వినేదాన్ని. నేను తల ఎత్తకుండా టైపు చేయను, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా వింటాను. అది గుణం కాదు, నాకు మరో దారి లేదు. కానీ వాళ్లకు అది నచ్చింది.

తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.

శిక్షణకు అందరినీ జిల్లా కేంద్రానికి పిలిచారు. శిక్షణ ఇచ్చిన ఆయన గోడ మీద బొమ్మ వేసి, "ఇక్కడ నొక్కండి. తర్వాత ఇక్కడ. అయిపోయింది, చాలా ఈజీ" అన్నాడు. నేను చేయి ఎత్తి ఇక్కడ అంటే ఎక్కడ అని అడిగాను. కొందరు నవ్వారు. వాళ్లు నన్ను చూసి కాదు, ఆయన్ను చూసి నవ్వారనుకుంటాను. ఆయన దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు.

"మీకు హెల్పర్ ఉంటారు కదా మేడం, వాళ్లకు చూపిస్తాను."

నాకు హెల్పర్ లేరు. ఆఫీసుకు తిరిగొచ్చి నా కంప్యూటర్‌లో దాన్ని తెరిస్తే, చెవిలో "బటన్, బటన్, బటన్" అని వినపడింది. అంతే. ఆ పేజీలో బటన్లన్నీ బొమ్మలు. దేనికీ పేరు రాయలేదు. పేరు రాయడానికి వాళ్లకు పట్టేది అరపూట. ఆ అరపూట ఎవరూ పెట్టలేదు.

లోపలికి వెళ్లాలన్నా, తెర మీద వంకరటింకర అక్షరాలు చూసి కొట్టాలి. నువ్వు యంత్రం కాదు మనిషివేనని రుజువు చేసుకోవడానికట. రోజూ పొద్దున పక్క బల్ల దగ్గరి ఆపరేటర్ అక్కను పిలిచేదాన్ని. ఆమె వచ్చి ఆ అక్షరాలు చదివితే నేను కొట్టేదాన్ని. అలా రోజుకొకసారి ఆమె సాక్ష్యంతో నేను మనిషినయ్యేదాన్ని.

ఒక సెలవు రోజు ఆ అక్కే నాకోసం ఆఫీసుకు వచ్చింది. ఇద్దరం కూర్చుని బటన్లు లెక్కపెట్టాం. దరఖాస్తు పేజీలో పద్నాలుగు. మొదటిది వెనక్కి, రెండోది వెతకడం, అలా ఆమె చెబుతుంటే నేను కంఠస్థం చేశాను.

"పదోది తిరస్కరించు. పదకొండోది పైకి పంపు. గీ రెండూ పక్కపక్కనే పెట్టిండ్రు, జర పైలం" అంది.

నేను పైలంగానే ఉన్నాను. వేలితో ఒక్కొక్కటే లెక్కపెడుతూ పదకొండు దాకా వెళ్లి నొక్కేదాన్ని. నెలలు గడిచాయి. ఒక్క తప్పు రాలేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉద్యోగం చేశాను. దాన్ని చూసి అందరూ పని బాగా జరుగుతోందని అనుకున్నారు. నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను. అది నా తప్పు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఇళ్లు కూలినవాళ్లు సర్కారు సాయం కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి గడువు ఇచ్చారు. ఆఖరి రోజు వాగు అవతలి గుంపు నుంచి ఒక ముసలామె వచ్చింది. ఆ రోజు నా దగ్గరికి వచ్చింది ఆమె ఒక్కతే. ఆ దిక్కున అడవిలో నాలుగైదు ఇళ్లు ఒకచోట ఉంటే గుంపు అంటారు. వాళ్ల ఇళ్లల్లో భాష వేరు. ఆమె తెలుగు ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడేది. వాగులో నీళ్లు దిగేదాకా ఆగాల్సి వచ్చిందని, అందుకే ఆలస్యమైందని చెప్పింది.

"కుర్చీల కూసో అవ్వా" అన్నాను.

"కిందనే మంచిగుంటది బిడ్డా."

నా బల్ల కాలికి ఆనుకుని కూర్చుంది. పడమటి గోడ కూలి, వాసాలు వంగి, ఒక మేక చచ్చిపోయిందని చెప్పింది. నేను టైపు చేస్తుంటే ఆమె అడిగింది.

"అది నీకు చెవుల ఏం చెప్తాంది?"

"నీ పేరు చెప్తుందవ్వా."

"నా పేరు దానికెట్ల ఎరుక?"

"నేనే చెప్పిన."

ఆమె నవ్వింది. ఊపిరితిత్తుల్లో నుంచి వచ్చే తడి నవ్వు, చివర దగ్గు. దరఖాస్తు పూర్తయింది. నేను వేలితో లెక్కపెట్టాను. పదకొండోది నొక్కాను. ఓకేనా అని కంప్యూటర్ అడిగింది, ఓకే కొట్టాను. "పోయింది అవ్వా, పైకి పంపిన" అని చెప్పాను. ఆమె నా మోకాలు తట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఆపరేటర్ అక్క నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె అలా ఎప్పుడూ కూర్చోదు.

"రాత్రికి రాత్రి పేజీ మార్చిండ్రు" అంది. "పైన కొత్త బటన్ ఒకటి పెట్టిండ్రు. ప్రింటుదట."

నాకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. పైన ఒకటి చేరితే కింద ఉన్నవన్నీ ఒక్కో అడుగు జరుగుతాయి. పదోది పదకొండోదవుతుంది.

"ఎప్పటి రాత్రి?"

"మొన్న."

నేను నిన్న నొక్కింది తిరస్కరించు. దరఖాస్తు తిరస్కరించామని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చే ఉంటాయి. ఆ అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటూ వాళ్లు చేయలేదు. మానిటర్ వేసి ఉంటే పక్కనుంచి పోయేవాళ్లెవరైనా చూసేవాళ్లేమో. ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

గడువు అయిపోయింది. తిరస్కరించిన దరఖాస్తును మళ్లీ తెరవడం మండలంలో ఎవరి చేతిలోనూ లేదు. సూపరింటెండెంట్ సార్ జిల్లాకు ఫోన్ చేశారు, మా మండల ఆఫీసర్ గారితో కూడా చేయించారు. సిస్టం ఒప్పుకోదన్నారు. మనుషులు చేసిన తప్పుకు మనుషులను బతిమాలవచ్చు. సిస్టం అన్న మాట వచ్చాక ఎవరిని బతిమాలాలో ఎవరూ చెప్పరు.

పది రోజులకు ముసలామె వచ్చింది. నేనే పిలిచి చెప్పాను.

"నా వల్లనే అవ్వా. తప్పు బటన్ నొక్కిన. నీ దరఖాస్తు పోలేదు."

ఆమె లేచి వరండాలోకి వెళ్లింది. అక్కడ ఎవరితోనో అంటుంటే కిటికీలోంచి వినపడింది.

"కండ్లు లేని పిల్లను గీడ ఎందుకు కూసోబెట్టిన్రు? నా ఇల్లు పాయె గద."

నా ముందే తిడితే బాగుండేది. ఏదైనా జవాబు చెప్పుకునేదాన్ని. బటన్లకు పేర్లు లేవు అవ్వా, అని చెప్పేదాన్నేమో. కూలిన గోడ ముందు ఆ మాటకు విలువ ఎంత? ఆ వానాకాలం ఆమె కూలిన గోడకు పరదా కట్టుకుని ఉందని, తర్వాత కూతురి దగ్గరికి పోయిందని విన్నాను. మరుసటి ఏడు ఆమెకు మంజూరైంది. అప్పటికి మిగిలిన మూడు గోడలూ కరిగిపోయాయి. ఆ కాగితం కోసం ఆఫీసుకు వచ్చినప్పుడు ఆమె దగ్గు గుర్తుపట్టాను. ఆమె పక్క బల్లకు వెళ్లింది.

జరిగినదాని మీద సార్ పైకి ఒక నివేదిక రాశారు. నాకు చదివి వినిపించారు. ఉద్యోగి అంగవైకల్యం కారణంగా జరిగిన పొరపాటు అని ఉంది అందులో.

"సార్, బటన్లకు పేర్లు లేకపోవడం వల్ల అని రాయండి. కంపెనీవాళ్లు చెప్పకుండ మార్చిండ్రని రాయండి."

"నీ మంచికే రాసినమ్మా. గిట్ల రాస్తే నీ మీద యాక్షన్ ఉండదు. గట్ల రాస్తే ఎంక్వైరీ అంటరు, మనందరం తిరగాలె."

ఆయన చెడ్డవాడు కాదు. నామీద జాలితోనే రాశారు. ఆ జాలిని నేను కాదనలేదు. నివేదిక వెళ్లింది. నన్ను కంప్యూటర్ మీద నుంచి తీసి ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. రోజుకు ఏడెనిమిది ఫోన్లు వస్తాయి. అందులో సగం తప్పు నంబర్లు.

ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ అడిగింది.

"కంప్యూటర్ పని మంచిగున్నదా?"

"మంచిగున్నది" అన్నాను. మా బిడ్డ కంప్యూటర్ చేస్తదని నాన్న ఊరంతా చెప్పుకుని ఉన్నాడు.

కానీ ఊరుకోలేదు. ఏ బటన్ ఎన్నోదో, దేనికి ఏ పేరు ఉండాలో, మారిస్తే ముందుగా ఎందుకు చెప్పాలో వరుసగా రాసి, సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు, మా పైవాళ్లకు మెయిల్ పెట్టాను. ఆరుసార్లు పెట్టాక కంపెనీ నుంచి జవాబొచ్చింది. మా మనుషులు వచ్చి స్వయంగా పరీక్షిస్తారు, మీరు పాల్గొనాలి అని. ఆ మెయిల్‌ను బోరు మోటార్ల ప్రకటన కన్నా ఎక్కువసార్లు చదివాను.

ఇద్దరు వచ్చారు. ఆఫీసర్ గారు, సూపరింటెండెంట్ సార్ కూడా నా వెనక నిలబడ్డారు. వచ్చినవాళ్లలో మాట్లాడే ఆయన నా చేయి పట్టుకుని మౌస్ మీద పెట్టాడు.

"మేము మౌస్ వాడం సార్. బాణం గుర్తు ఎక్కడుందో మాకు కనపడదు" అన్నాను.

"పర్వాలేదు మేడం, నేను చెప్తుంటాను. కొంచెం కుడికి. ఆ, కిందికి. నొక్కండి."

ఆయన చెబుతూ పోయాడు, నేను నొక్కుతూ పోయాను. దరఖాస్తు పైకి వెళ్లింది.

"చూశారా, చేశారు కదా" అన్నాడు.

"మీరు చేసిండ్రు సార్."

ఆయన నవ్వాడు. పేర్ల సంగతి తప్పకుండా చూస్తామన్నాడు. తర్వాత ఒక కాగితం తీశాడు. మెయిల్ చేయమన్నాను, నేనే చదువుకుంటానని. అది స్కాన్ చేసిన కాపీ, మీ సాఫ్ట్‌వేర్ చదవలేదేమో అన్నాడు. నిజమే, బొమ్మగా ఉన్న కాగితాన్ని నా కంప్యూటర్ చదవలేదు. ఆఫీసర్ గారే తీసుకుని చదివారు. ఫలానా చోట పరీక్ష జరిగింది, చూపులేని ఉద్యోగి పాల్గొన్నారు, సూచనలు ఇచ్చారు, అని. అంతేనన్నారు.

అంతలో ఎవరో నా బొటనవేలు పట్టుకున్నారు. ఇంకు ప్యాడ్ మూత తెరిచిన వాసన వచ్చింది.

"నేను సంతకం పెడ్త" అన్నాను.

సంతకం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అట్టముక్కలో గాటు పెట్టి, ఆ గాటు లోపలే కలం కదిలేలా బడిలో మా సార్ నేర్పించారు. వేలిముద్ర వేయమన్నారన్న కోపంలో చేయి వెనక్కి లాక్కున్నాను. వాళ్లు సరేనని కలం ఇచ్చారు. నేను స్పష్టంగా, వంకర లేకుండా సంతకం చేశాను. "మంచిగ పెట్టినవమ్మా" అన్నారు సూపరింటెండెంట్ సార్. సంతకం మీద ఉన్న పట్టుదలలో కాగితం సంగతి మర్చిపోయాను. పక్క బల్ల నుంచి ఆపరేటర్ అక్కను పిలిచి ఒక్కసారి చదివించుకోవాలన్న ఆలోచన రాలేదు. రోజూ వంకర అక్షరాల కోసం పిలిచినదాన్ని, ఆ రోజు పిలవలేదు.

నాలుగు నెలల తర్వాత మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆఫీసు ఫోనుకు కాదు, నా ఫోనుకు. కారేపల్లి అతను. చూపు లేదు. వేరే జిల్లాలో ఉద్యోగం చేస్తున్నాడు. మా బడిలో నాకంటే మూడేళ్లు వెనక చదివాడట. నాకు గుర్తు లేడు.

"అక్కా, మా ఆఫీసుల కూడ అదే సాఫ్ట్‌వేర్. నాకు పని చేస్తలేదు. కంప్లైంట్ పెట్టిన. పెడితే నాకొక కాయితం చూపెట్టిన్రు."

"ఏం కాయితం?"

"చూపులేని ఉద్యోగి స్వయంగ వాడి చూసింది, ఎవరి సాయం లేకుండ మొత్తం చేసింది, అంతా మంచిగున్నదని సంతకం పెట్టింది అని. మా ఆపరేటర్ చదివిండు. కింద పేరు మీది ఉన్నది. మీరేనా అక్కా?"

"అవ్, నేనే" అన్నాను.

"మీకు పని చేస్తాందా?"

"చేస్తలేదు."

"మరి సంతకం?"

జరిగింది చెప్పాను. మౌస్ సంగతి, ఇంకు ప్యాడ్ సంగతి, ఆఫీసర్ గారు చదివింది, చదవకుండా వదిలేసింది. నేను ఆపాక అతను చెప్పాడు.

"ఆమెకు వచ్చింది, నీకెందుకు రాదు, నీకు నేర్సుకునే మనసు లేదు అన్నరక్కా. రికార్డు రూముల కూసోబెట్టిన్రు." తర్వాత "సరే అక్కా" అన్నాడు. పెట్టేశాడు.

నేను లేచి ఆఫీసర్ గారి గదిలోకి వెళ్లాను. ఆ కాగితంలో ఎవరి సాయం లేకుండా అన్న మాట ఉందా అని అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు.

"అది వాళ్ల ఫార్మాట్ అమ్మా. అందరికీ అదే ఉంటది. ముఖ్యమైంది చదివిన."

నాకు ఏది ముఖ్యమో ఆయన నిర్ణయించారు. ఎదురుగా నిలబడి అరవాలనిపించింది. అరవలేదు. నా పాత బల్ల దగ్గరికి వెళ్లి, కంప్యూటర్ వేసి, ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని లేఖ టైపు చేశాను. నన్ను చదవనివ్వని కాగితం మీద నాతో సంతకం చేయించారని రాశాను. మౌస్ మీద నా చేయి, నా చేయి మీద ఎవరి చేయి ఉందో రాశాను. ప్రతి చోటికీ పంపాను. ఫిర్యాదు నంబరు వచ్చింది. పద్దెనిమిది రోజులకు ఫోన్‌కు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో అందులో లేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ పరిష్కరించారు.

ఆ తర్వాత ఒకసారి సాఫ్ట్‌వేర్ మారింది. బటన్లకు పేర్లు పెట్టారని ఆపరేటర్ అక్క చెబితే గబగబా వెళ్లి విన్నాను. "బటన్ ఒకటి, బటన్ రెండు, బటన్ మూడు" అని చదివింది. నాకు లెక్కపెట్టే శ్రమ తగ్గించారు.

ఆ సంగతి చెప్పాలని కారేపల్లి అతనికి ఫోన్ చేశాను. నేను పెట్టిన లేఖల కాపీలు కూడా పంపుతానని చెప్పాలనుకున్నాను, ఇద్దరం కలిసి పెడితే వింటారేమోనని. మొదటి రోజు రింగై ఆగిపోయింది. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు వేరే ఎవరో ఎత్తి, ఆయన మాట్లాడరంట అని చెప్పారు. వెనక అతని గొంతు వినపడింది.

నేను మళ్లీ చేయలేదు. అతని స్థానంలో నేనున్నా ఎత్తేదాన్ని కాదు.